అల్లుడికి కాలు చూపని వెంకటమ్మాళ్

మా అత్త వెంకటమ్మాళ్‌కు వరస తెలియని మనిషితో మాట్లాడటం చేతకాదు. కోయంబత్తూరు లాంటి ఊళ్లో ఇది చిన్న ఇబ్బంది కాదు. బస్సులో కండక్టర్ నోట ఒక్క తెలుగు మాట రాలితే చాలు, టికెట్ అడిగే ముందే "ఏ ఇంటివాళ్లప్పా నువ్వు?" అనేది. వెనక జనం తోసుకుంటూ ఉంటే అతను పాపం జవాబు చెప్పేవాడు. సింగానల్లూరు దాటేలోపు ఆమెకు అన్నకొడుకో, మరిది మనవడో అయి తీరేవాడు. ఆ తరువాతే టికెట్. తమిళులతో మాత్రం ఆమెకు ఏ చిక్కూ లేదు. వాళ్లు ఎలాగూ చుట్టాలు కారు కనుక "తంబీ" అంటే సరిపోయేది.

మావాళ్లు ఈ వైపుకు వచ్చి ఎన్ని తరాలైందో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. పొలాలు పోయి మిల్లులు వచ్చాయి, మిల్లులు పోయి మోటారు పంపుల వర్క్‌షాపులు వచ్చాయి. పిల్లలు ఇంగ్లీషులో చదివి తమిళంలో పోట్లాడుకుంటారు. తెలుగు వంటింట్లో మిగిలింది. వరసలు మా అత్త తలలో మిగిలాయి. పెళ్లిళ్లలో ఆమెకు మండపం వాకిట్లోనే కుర్చీ వేసేవారు. వచ్చినవాళ్లు ఆమె దగ్గర ఆగి, తాము ఎవరికి ఏమవుతారో తెలుసుకుని, అప్పుడు చందనం పూసుకుని లోపలికి పోయేవారు.

ఆమె లెక్కకు సూత్రం ఒక్కటే. మెడలో తాళి పడిన రోజు నుంచి ఆడదానికి మగని వైపు వరసే వరస. పుట్టింటి వైపు ఎంత దగ్గర చుట్టమైనా అది వెనక్కి పోవలసిందే. ఈ సూత్రంతో నాకు ఏ కష్టమూ రాలేదు. నేను ఆమె అన్న కూతుర్ని. పెళ్లికి ముందు ఆమె నాకు మేనత్త, ఆమె కొడుకు మణికందన్‌ను చేసుకున్నాక అత్తగారు. నా పిలుపు మారలేదు. మారినవాళ్లు ఉన్నారని, దానివల్ల ఏమి జరిగిందో ఆమె కాలు పుండుపడిన ఏడాది నాకు తెలిసింది.

ఆమెకు షుగరు చాలా కాలంగా ఉంది. ఒక పెళ్లికి కొత్త చెప్పులు వేసుకుని పోయి, అవి కరిచిన చోట పసుపు అద్దుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. నేను చూసేసరికి చిటికెనవేలి పక్కన నల్లబడి, పాదం కిందికి పాకింది. మొదట చూపించిన పెద్ద డాక్టర్ పాదం తీసేయాలన్నాడు. రెండో ఆయన ఇంకా కొంచెం పైనుంచి తీయాలన్నాడు. మూడో చోట దొరికినవాడు గోకుల్‌నాథ్ అనే కుర్ర సర్జన్. అతను పాదాన్ని ఒడిలో పెట్టుకుని, గుచ్చి చూసి, వాసన చూసి, "దీన్ని నిలబెట్టొచ్చు" అని తమిళంలో అన్నాడు. "కానీ చచ్చిన కండను ఎప్పటికప్పుడు నేనే కోసి తీయాలి. వదిలేస్తే పైకి పాకుతుంది. పాకాక నన్ను అడగకండి."

మొదటి రోజు మా అత్త కాలు చక్కగా ఇచ్చింది. కోస్తుంటే "మెల్లగా తంబీ, అది కాలు, కొబ్బరికాయ కాదు" అని పరాచికం కూడా ఆడింది. కట్టు కడుతుండగా అతని ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక నర్సు వళ్లిని స్పీకర్‌లో పెట్టమన్నాడు.

"అమ్మా, పని మీద ఉండా. మళ్ల చేస్తా" అన్నాడు తెలుగులో.

నేను మా అత్త ముఖం చూశాను. ఆపడానికి వ్యవధి లేదు.

"మనవాళ్లా కణ్ణూ నువ్వు?"

"అవునుంగమ్మా. పోదనూరు."

"ఏ ఇంటివాళ్లు?"

"చింతగుంటవాళ్లు."

"మీ అమ్మ పేరు?"

"పంకజం."

"పంకజం నాయన?"

"రంగసామి. రైల్వేలో ఉండె. తాత పోయి శానా నాళ్లాయె."

మా అత్త కళ్లు మూసుకుంది. రంగసామి ఆమె మామగారికి ఆఖరి తమ్ముడు. కనుక పంకజం మా మామ తిరుమలైకి చెల్లెలి వరస. ఆ పంకజం కొడుకు మా మామకు మేనల్లుడు, మా అత్తకు అల్లుడి వరస. ఇదంతా నేను తరువాత వేళ్లు మడిచి తేల్చుకున్నది. ఆమెకు రెప్పపాటు పట్టింది. కళ్లు తెరిచి, చటుక్కున కాలు వెనక్కి లాక్కుని, ఆ కాలి మీదే లేచి నిలబడి, కొంగు నెత్తిన కప్పుకుని తలుపు వెనక్కి పోయింది. కట్టు చుట్ట డాక్టర్ చేతిలోనే ఉంది. దాని రెండో కొస మా అత్త కాలికి ఉంది.

"అల్లుడుగారిని కూకోమని చెప్పు పాపా" అంది తలుపు వెనకనుంచి.

"ఎవురు అల్లుడు?" అన్నాడు డాక్టర్.

"మీరేనంట" అన్నాను.

కట్టు చుట్టను ఏమి చేయాలో తెలియక అతను దాన్ని మెల్లగా వదులుతూ పోయాడు, గాలిపటం ఎగరేసే వాడిలాగా.

ఇంటికి వచ్చాక మణికందన్ తల్లి మీద కేకలు వేశాడు. నేను బతిమాలాను. తప్పంతా మాదే అన్నట్టు ఆమె చూసింది.

"పెండ్లిలో మనము ఆయన కాళ్లు కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకునే వరస. అట్లాంటి ఆయన చేత నా కాలు కడిగించుకునేదా? అదీ పుండు కాలు!"

"మేనల్లుడంటే బిడ్డతో సమానం గదమ్మా?" అన్నాడు మణికందన్.

"చిన్నప్పుడు ఎత్తుకుని ఉంటే బిడ్డ. గడ్డం వచ్చినాక తెలిసినవాడు అల్లుడే."

"వేరే డాక్టర్ దగ్గరికి పోదామా అయితే? వాళ్లు కాలు తీసేస్తారు."

"నాకు కాలు వేణుం, కావాల" అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం గొంతు కొంచెం తగ్గింది. ఆమె తల్లి ఒక కాలు లేకుండా, మంచం మీద ఏళ్ల తరబడి ఉండి, చివరికి పోయింది. ఆమెను ఎత్తి దించింది ఈమే. కాలు పోవడమంటే ఏమిటో మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు. తెలిసీ అల్లుడి ముందు కాలు చాపలేకపోయింది.

రెండోసారి ఆసుపత్రికి ఉత్త చేతులతో రానంది. అల్లుణ్ణి తెలిశాక మొదటిసారి చూడటం కదా. తాంబూలం పళ్లెంలో పంచె, తువాలు, పళ్లు పెట్టించుకుంది. వెయిటింగ్ హాల్లో రోగులందరూ చూస్తుండగా మేము ఆ పళ్లెంతో ఎక్స్‌రే గది పక్కనుంచి ఊరేగింపుగా పోయాం. ఎవరిదో నిశ్చయతాంబూలం అనుకుని ఒకావిడ లేచి దారి ఇచ్చింది.

లోపల ఆమె కూర్చోలేదు. అల్లుడు నిలబడి ఉంటే తాను ఎలా కూర్చుంటుంది? పెద్దామె పుండు కాలి మీద నిలబడి ఉంటే తాను ఎలా కూర్చోవడమని డాక్టర్ కూర్చోలేదు. ఇద్దరూ నిలబడ్డారు. మధ్యలో నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను.

"నొప్పి ఉండాదా?" అని అడిగాడు డాక్టర్.

ఆమె నా చెవిలో చెప్పింది. "ఉందట" అన్నాను.

"జ్వరం?"

మళ్లీ చెవిలో. "అల్లుడుగారు చిక్కిపోయినారు, సరిగ్గా తింటా ఉండారా అని అడుగుతోంది."

వళ్లి నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. మేట్టుపాళయం పిల్ల, తెలుగు రాదు. అయినా ఆ గదిలో ఏమి జరుగుతోందో అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

డాక్టర్ నావైపు తిరిగి, "ఆమెకు చెప్పండక్కా. నేను ఎవురికీ అల్లుణ్ణి కాను. నాకు ఇంకా పెండ్లే కాలేదు" అన్నాడు.

ఈసారి ఆమె నా చెవిని మరిచిపోయి పైకే అనేసింది. "అయ్యో, పెండ్లి కాలేదా? అదింకా కష్టం. అయి ఉంటే వేరే ఇంటి అల్లుడులే అని మనసు సరి చేసుకోవచ్చు."

ఆ రోజు మధ్యలో తెర కట్టి చూశారు. తెర కింద నుంచి కాలు ఒక్కటే బయటికి పెట్టమన్నారు. ఆమె చాలాసేపు ఆలోచించి, "తెర ఉండాది సరే. కాలు నాదేగదా" అంది. వళ్లి చేత కడిగించుకుంటానంది. వళ్లి కడిగింది, మందు వేసింది. కానీ లోపల నల్లగా ఉన్నదాన్ని కోయడం ఆ పిల్ల పని కాదు. డాక్టర్ గోడవైపు తిరిగి నిలబడి, "ఏ రంగులో ఉంది? అంచు మెత్తగా ఉందా?" అని అడుగుతూ ఉంటే వళ్లి జవాబులు చెప్పింది. అలా ఒకటి రెండు సార్లు జరిగాక అతనే వద్దన్నాడు. "నేను గోడకు వైద్యం చేస్తా ఉండాను" అన్నాడు.

డాక్టరే ఇంటికి వచ్చి చూస్తే ఒప్పుకుంటుందేమోనని మణికందన్‌కు ఒక ఆలోచన తట్టింది. ఆసుపత్రిలో నలుగురు చూస్తారని ఆమె సిగ్గు అని అతని లెక్క. ఇంత తప్పు లెక్క అతను వర్క్‌షాపులో ఎప్పుడూ వేయలేదు. అల్లుడు మొదటిసారి ఇంటికి రావడమంటే ఏమిటి? గడపలోనే హారతి తీశారు. సంచిలో కత్తులు, కత్తెరలు పట్టుకుని వచ్చిన డాక్టర్ నొసట కుంకుమతో హాల్లో కూర్చున్నాడు. అరిటాకు వేశారు. ఒప్పుట్లు, నెయ్యి, పాయసం. ఆమె వంటింట్లోంచి బయటికి రాలేదు. "ఇంకొకటి వెయ్యి పాపా, వద్దంటే ఊరుకోవద్దు" అని లోపలినుంచి నన్ను తరుముతూ ఉంది. అతను తినలేక తిని, చెయ్యి కడుక్కుని, "ఇప్పుడు కాలు?" అని అడిగాడు.

"భోంచేసి మళ్లీ వాసన చూడాల్నా అల్లుడుగారు? ఇంకొక నాడు" అంది వంటింటి గోడ.

అతను కోపం తెచ్చుకున్నది అప్పుడే. లేచి, వంటింటి గుమ్మం వైపు చూస్తూ తెలుగు మానేసి తమిళంలో గట్టిగా చెప్పాడు. ఇక్కడికే వాసన వస్తోంది. ఈ శుక్రవారం లోపల తాను కోయకపోతే ఆ తరువాత కోసేది పుండును కాదు, కాలును. అది కూడా తాను కోయడు, కోసేవాళ్ల చీటీ రాసిస్తాడు.

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

మరునాడు మా మామ తమ్ముడు పెరుమాళ్సామి చిన్నమామను పిలిపించాం. మిల్లులో సూపర్‌వైజర్‌గా చేసి ఇంట్లో కూర్చున్న మనిషి. ఏ సమస్యనైనా నేల మీద పరచి చూస్తే గానీ ఆయనకు తోచదు. విషయం విని, "డాక్టర్‌ను మార్చలేము. వదినను మార్చలేము. మార్చగలిగింది వరసనేగదా" అన్నాడు. మావాళ్లలో ఒక మనిషికి ఇంకో మనిషితో ఒకే దారిలో చుట్టరికం ఉండటం అరుదు. మేనరికాలు, ఒకే ఇంటికి ఇద్దరు కోడళ్లు, ఇలా తిరిగి తిరిగి అల్లుకుని ఉంటాయి. వేరే దారిలో పోతే డాక్టర్ ఇంకేమైనా కావచ్చు.

చింతగింజలు తెమ్మన్నాడు. హాల్లో మణికందన్, ఆయన నేల మీద కూర్చుని పెద్దవాళ్లను గింజలుగా పేర్చారు. మగవాళ్లకు గింజ, ఆడవాళ్లకు ఎండుమిరపకాయ. అత్త వంటింటి గుమ్మం పక్కన చాప మీద, కాలు కొంగుతో కప్పుకుని పడుకుని వింటూ ఉంది. జ్వరం తగిలినట్టుంది. సాయంత్రం డాక్టర్ కూడా వచ్చాడు. అరవడానికి వచ్చాడనుకున్నాం. సంచి పక్కన పెట్టి, ప్యాంటు మోకాళ్లు పైకి లాక్కుని అతనూ గింజల దగ్గర కూర్చున్నాడు.

"ఇందులో నేను యావది?"

"ఈ చిన్నది" అన్నాడు చిన్నమామ.

మొదటి దారి డాక్టర్ తండ్రి వైపు నుంచి పోయింది. ఆ దారిలో అతను మా అత్తకు మామగారి వరస అయ్యాడు.

"మామగారా! ఆయన ముందు పడుకోనుకూడా కూడదే" అని అత్త చాప మీదనుంచి లేవబోయింది. ఆ దారిని వెంటనే చెరిపేశారు. రెండో దారి బాగానే మొదలైంది, తమ్ముడి వరస అయ్యేలా ఉంది. మధ్యలో ఒక గింజ సోఫా కిందికి దొర్లింది. తీసి మళ్లీ పెట్టేసరికి అది ఎవరో ఎవరికీ గుర్తు రాలేదు.

"అమ్మను అడుగుతాను" అని డాక్టర్ ఫోను తీశాడు. పోదనూరు నుంచి పంకజం గొంతు హాలంతా వినబడింది.

"అమ్మా, వెంకటమ్మాళ్ అని, తిరుమలై మామ పెండ్లాము. నీకు ఏమి కావాలి?"

"వదిన కావాలి. నాయన వైపు."

"అది తెలుసు. వేరే ఏమన్నా?"

"అమ్మ వైపు చూస్తే చిన్నమ్మ. మా అమ్మా ఆమే అక్కచెల్లెండ్లు, అన్నదమ్ముల బిడ్డలు. ఒకే ఇంటికి వచ్చినారుగదా. మా అమ్మ పోయేదాకా 'నా చెల్లెలు వెంకటా' అనే చెప్తా ఉండె."

పంకజం తల్లి పేరు పాప్పాత్తి. ఆ పేరు ఎవరూ పలకలేదు. ఆమె మిరపకాయ రంగసామి గింజ పక్కనే మొదటినుంచి ఉంది. రంగసామి పెళ్లాంగా ఉంది. ఆమె ఎవరి కూతురని అడగాలని మాకు తోచలేదు. మా అత్తకు తెలుసు. మొదటి రోజు ఆసుపత్రిలో కళ్లు మూసుకున్నప్పుడే తెలిసి ఉంటుంది.

పొల్లాచ్చి దగ్గర ఒకే కొబ్బరితోటలో పెరిగారట ఇద్దరూ. పాప్పాత్తికి ముందు పెళ్లయింది, మా మామవాళ్ల ఇంటి ఆఖరి తమ్ముడితో. తరువాత అదే ఇంటి పెద్దన్న కొడుకుతో మా అత్తకు అయింది. ఆ రోజు నుంచి సూత్రం ప్రకారం అక్క చిన్నత్తగారైంది. మా అత్త ఆమెను 'చిన్నత్తా' అని పిలిచింది, ఆమె వస్తే లేచి నిలబడింది, ఆమె ఎదుట నవ్వలేదు. "అక్కా అని పిలువే, ఎవురు వింటారు" అని పాప్పాత్తి ఎన్నోసార్లు అడిగిందట. చివరికి కాపురం పోదనూరుకు మార్చుకుని, రావడం మానేసింది. ఆమె పోయినప్పుడు మా అత్త వెళ్లి, చిన్నత్తగారికి ఏడవవలసినంత ఏడ్చి వచ్చింది.

చిన్నమామ గొంతు సవరించుకున్నాడు. "వదినా, ఆ దారిలో పోతే డాక్టర్ తంబి నీకు మనవడు. అక్క బిడ్డ బిడ్డ. కానీ అది పుట్టింటి వైపు. నువ్వు ఒప్పుకోవు."

మేము గింజలు చూస్తూ కూర్చున్నాం. డాక్టర్ గడియారం చూడలేదు, నేను చూస్తూనే ఉన్నాను. చాప చప్పుడైంది. అత్త లేచి కూర్చుని, చేతుల మీద జరుగుతూ గింజల దగ్గరికి వచ్చింది. కొంగు నెత్తిమీద నుంచి జారింది. సరిచేసుకోలేదు. రంగసామి పక్కనున్న మిరపకాయను తీసి, హాలు ఈ చివరన తన పేరు మీద పెట్టి ఉన్న మిరపకాయ పక్కకు తెచ్చి పెట్టింది.

"పాప్పాత్తక్క" అంది.

ఆ పేరు ఆమె నోట నేను వినడం అదే మొదలు.

తరువాత కాలు చాపి, కొంగు తీసి, డాక్టర్ ఒడిలో పెట్టింది.

"ఏమిరా చూస్తా ఉండావు? కొయ్యి. అవ్వ కాలు పట్టుకునేదానికి మనవడికి ఏమి సిగ్గు?"

అప్పటిదాకా 'అల్లుడుగారు' అన్న నోరు అది. డాక్టర్ సంచి విప్పాడు. కోస్తున్నంతసేపూ ఆమె తిట్టింది. గడ్డం సరిగ్గా గీసుకోలేదంది, ఇంత వయసొచ్చి పెళ్లి లేదంది, ఎవరో నర్సును చూసి పెట్టుకుని ఉంటాడంది. అతను తల ఎత్తలేదు. ఒకచోట బాగా లోతుగా పోయినప్పుడు మాత్రం తిట్టు ఆగింది.

"మీ అవ్వ కూడా ఇట్లనే" అంది. "తోటలో ముల్లు దిగితే నా కాలు ఒడిలో పెట్టుకుని, అదిగో కాకి అని చూపించి, చెప్పకుండానే పీకేసేది."

"నేను చెప్పే చేస్తా ఉండాను అవ్వా" అన్నాడు డాక్టర్.

చిటికెనవేలు పోయింది. పాదం నిలిచింది. మాన్పడానికి చాలా నెలలు పట్టింది, అన్ని నెలలూ ఆమె అతనికి నరకం చూపించింది. అల్లుడిగా ఉంటే చెప్పుకోలేని నొప్పులన్నీ మనవడికి చెప్పుకుంది. మాత్రలు మింగకుండా మింగానని అబద్ధం చెప్పింది. కొత్త రోగులకు వెయిటింగ్ హాల్లో ఇంటిపేర్లు అడిగి, వాళ్లు డాక్టర్‌కు ఏమవుతారో ముందే తేల్చి లోపలికి పంపింది. "అవ్వను ఇంటిదగ్గర ఉంచుకోండక్కా, మళ్ల ఎవురన్నా నాకు అత్త అయిపోతారు" అని అతను నాతో మొరపెట్టుకున్నాడు. నయమయ్యాక నిశ్చయతాంబూలాలకు ఆమె తన కాళ్లతో నడిచి వెళ్లింది, పాత చెప్పులతో.

పోయిన ఆవణి నెలలో ఆమె వెళ్లిపోయింది. గుండె. పొద్దున కాఫీ తాగి, గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే.

కబురు అందగానే గోకుల్‌నాథ్ ఆసుపత్రి నుంచి వచ్చాడు, తల్లితో. ఎత్తే ముందు మనవలు నెయ్యిపందం పట్టాలి. చిన్న పుల్లలకు గుడ్డ చుట్టి, నేతిలో ముంచి, వెలిగించి చుట్టూ తిరగడం. పిల్లలందరికీ ఇచ్చి చిన్నమామ ఒక పుల్లను డాక్టర్‌కూ అందించాడు. మధురై వైపు నుంచి వచ్చిన ఒక చుట్టం అడ్డుకున్నాడు.

"చింతగుంటవాళ్ల పిల్లోడుగదా? అల్లుడు వరస గదప్పా. ఆయన కోడిగుడ్డ తేవాలి. పందం ఎట్ల పట్టేది?"

పాడెమీద కప్పే కొత్త గుడ్డను మేము కోడి అంటాం. అది తేవడం సంబంధంవాళ్ల వంతు. ఆయన అన్నది తప్పేమీ కాదు. ఇలాంటి తగవు వస్తే ఇదివరకు వాకిట్లో కుర్చీవైపు చూసేవాళ్లం.

"అదంతా మా వదిన తేల్చేసి పోయినాది" అన్నాడు చిన్నమామ. "మనవడు."

మోకాళ్లెత్తు పిల్లల వరసలో, అందరికంటే పొడుగ్గా, డాక్టర్ పందం పట్టుకుని తిరిగాడు. కాళ్లవైపు వచ్చేసరికి ఆగాడు. వెనకపిల్లవాడు అతని ప్యాంటుకు గుద్దుకున్నాడు. బొటనవేళ్లు రెండూ కలిపి కట్టిన దారం, బాగా బిగించి, పాదం మీదికి కూడా ఒక చుట్టు వేసి ఉంది. అది సరిగ్గా పాత పుండు మచ్చ మీదుగా పోయింది. అతను పందాన్ని ఎడమచేతికి మార్చుకుని, వంగి, కుడిచేతి వేలితో దారాన్ని మచ్చ మీద నుంచి పక్కకు జరిపాడు. ఇంకా పచ్చిగా ఉన్నట్టు, మెల్లగా.

"నడువు మామా, నెయ్యి కారిపోతా ఉండాది" అన్నాడు వెనకపిల్లవాడు.

మామ కాదురా, బావ అని ఎవరో దిద్దారు. అతను నడిచాడు.